రాజకీయ సిద్ధాంతాన్ని నూరేళ్ల లెక్కలో చూడడం ఎలా? విశాఖ చర్చా బృందాలకు ఒక పద్ధతి

విశాఖపట్నంలో రాజకీయ చర్చకు కొదవ లేదు. గాజువాక యూనియన్ ఆఫీసుల్లోనూ, ఆంధ్ర విశ్వవిద్యాలయం హాస్టళ్లలోనూ, బీచ్ రోడ్డు పిట్టగోడ మీదా ప్రతి సాయంత్రం ఎవరో ఒకరు సోషలిజం గురించో, ప్రైవేటీకరణ గురించో, జాతీయవాదం గురించో గట్టిగా వాదించుకుంటూనే ఉంటారు. అయితే ఆ వాదనల్లో ఎక్కువ భాగం వచ్చే ఎన్నికల దగ్గరే ఆగిపోతుంది. ఫలానా సిద్ధాంతాన్ని నమ్మి నడిచే సమాజం మూడు నాలుగు తరాల పాటు నిలబడగలదా, నిలబడితే దేని బలంతో, ఎవరి ఖర్చుతో అని అడిగేవారు తక్కువ. అలా అడగదలచిన చిన్న బృందాల కోసం ఈ పద్ధతిని రాస్తున్నాను. నా అభిప్రాయం మొదటే చెబుతాను: ఒక సిద్ధాంతం ఎంతకాలం నిలుస్తుందో దాని ఆశయాలను చూసి చెప్పలేము, తాను కట్టినదానికి మరమ్మతు ఎవరు చేయాలి, తప్పు జరిగితే ఎవరు దిద్దాలి అన్నదానికి అది చేసిన ఏర్పాటును చూసి కొంతవరకు చెప్పగలము.

చర్చకు కూర్చునే ముందే ఒక విషయంలో బృందమంతా ఒక అంగీకారానికి రావాలి. చిరకాలం నిలవడమూ, మంచిగా ఉండడమూ ఒకటే అనుకోకూడదు. కుల వ్యవస్థ రాజ్యాలు మారినా, మతాలు మారినా చెక్కుచెదరకుండా వచ్చింది. అంతకాలం నిలిచిందన్నదే దాని మీద మోపవలసిన పెద్ద అభియోగం. కాబట్టి నిలకడను కొలిచే ప్రతిచోటా ఆ నిలకడ భారం ఎవరి భుజాల మీద పడిందో కూడా రాసుకోవాలి.

బృందంలో ఎనిమిది మందికి తగ్గకుండా, పన్నెండు మందికి మించకుండా ఉంటే అందరికీ మాట్లాడే వీలుంటుంది. చర్చకు తీసుకున్న సిద్ధాంతాన్ని మనస్ఫూర్తిగా నమ్మేవారు ఒకరైనా ఉండాలి, వ్యతిరేకించేవారు ఒకరైనా ఉండాలి. వీరితో పాటు నిర్వహణ పనిలో జీవితం గడిపిన మనిషిని, అంటే విద్యుత్ లైన్‌మన్‌నో, నీటి సరఫరా ఫిట్టర్‌నో, ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరైన ఉద్యోగినో తప్పకుండా పిలవండి. పుస్తకాలు చదివినవారు వ్యవస్థ ఎలా పుడుతుందో బాగా చెబుతారు. అది ఎక్కడ అరిగిపోతుందో ఇటువంటివారికి తెలుస్తుంది. ద్వారకానగర్ పౌర గ్రంథాలయం దగ్గరైనా, అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాలులోనైనా కలుసుకోవచ్చు. ఒక్కో సిద్ధాంతానికి ఒక నెల కేటాయించండి.

మొదటి సమావేశంలో విమర్శకు తావివ్వకండి. ఆ సిద్ధాంతం ఏం చెబుతుందో పది వాక్యాల్లో కాగితం మీద పెట్టండి. దాన్ని నమ్మే సభ్యుడు చదివి, "అవును, మేము చెప్పేది ఇదే" అని ఒప్పుకునేదాకా ఆ వాక్యాలను దిద్దుతూనే ఉండండి. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గాని, చాలా బృందాలు విడిపోయేది ఇక్కడే. ఎదుటివారి నమ్మకానికి వక్రీకరించిన రూపాన్ని ఇచ్చి, ఆ రూపాన్ని ఓడించి సంతోషించే అలవాటు మనలో బలంగా ఉంది.

రెండో సమావేశం నుంచి ప్రశ్నలు మొదలుపెట్టవచ్చు. గది​లో లేని మనుషుల గురించి, అంటే గతించినవారి గురించి, ఇంకా పుట్టనివారి గురించి ఆ సిద్ధాంతం ఏమంటుందో ముందుగా అడగండి. ఈ విషయంలో రెండు వైఖరులు స్పష్టంగా ఎదురుపడ్డది పద్దెనిమిదో శతాబ్దం చివర్లో. అమెరికా నాయకుడు థామస్ జెఫర్సన్ 1789లో తన సహచరుడు జేమ్స్ మాడిసన్‌కు రాసిన లేఖలో, భూమి మీద హక్కు బతికి ఉన్నవారిదే గనుక ఏ రాజ్యాంగమైనా పందొమ్మిదేళ్లకు కాలం తీరిపోవాలని వాదించాడు. మరుసటి ఏడాది బ్రిటిష్ రాజకీయ చింతకుడు ఎడ్మండ్ బర్క్ దానికి పూర్తిగా భిన్నంగా, సమాజం అంటే బతికి ఉన్నవారికీ, గతించినవారికీ, పుట్టబోయేవారికీ మధ్య భాగస్వామ్యమని రాశాడు. నేటి ప్రగతిశీలవాదం, సంప్రదాయవాదం ఈ రెండింటిలో ఏదో ఒకదాని నీడలోనే నిలబడి ఉంటాయి. మన రాజ్యాంగ నిర్మాతలకు ఈ చిక్కు తెలుసు. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో ప్రసంగిస్తూ డాక్టర్ అంబేడ్కర్ జెఫర్సన్ మాటలనే ఉటంకించి, రాజ్యాంగాన్ని సవరించుకునే దారిని రాబోయే తరాలకు మూసివేయలేదని వివరించారు. ఆ దారి ఎంత విశాలమో చెప్పడానికి రెండు అంకెలు చాలు: తొలి సవరణ 1951లోనే జరిగింది, 2023 నాటికి సవరణల సంఖ్య 106కు చేరింది. అయితే సవరణ పేరుతో మౌలిక స్వరూపాన్ని చెరిపివేయడానికి వీల్లేదని 1973లో కేశవానంద భారతి కేసులో సుప్రీంకోర్టు గీత గీసింది. మీరు పరిశీలిస్తున్న సిద్ధాంతం ఈ గీతకు ఏ పక్కన నిలబడుతుందో రాబట్టండి.

ఈ ప్రశ్న గాలిలో తేలిపోకుండా ఉండాలంటే ఫిషింగ్ హార్బర్‌ను ఉదాహరణగా తీసుకోవాలి. చేపలు గుడ్లు పెట్టి పెరిగే కాలమని తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేటను నిషేధిస్తారు. రేపటి సంపద కోసం నేటి ఆదాయాన్ని వదులుకోవడం అంటే ఇదే. ఆ రెండు నెలలు బోటు మీద కూలికి పనిచేసే కళాసీ ఇల్లు ఎలా గడవాలి, భృతి ఎవరు ఇవ్వాలి, నిషేధాన్ని కాదని వేటకు వెళ్లే బోటును ఎవరు ఆపాలి? ఉదారవాది, సామ్యవాది, సంప్రదాయ కట్టుబాట్లను సమర్థించే వ్యక్తి ఈ మూడింటికి ఇచ్చే సమాధానాలు వేర్వేరుగా వస్తాయి, రావాలి కూడా.

అధికారం చేతులు మారే పద్ధతి గురించి తర్వాత అడగండి. ట్యునిస్‌లో పుట్టిన చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ 1377లోనే రాజవంశాల ఆయుష్షును లెక్కగట్టాడు. కష్టాల్లో కలిసి పోరాడిన తొలి తరానికి ఉన్న ఐకమత్యం సుఖంలో పుట్టిన మూడో తరానికి ఉండదని, తరానికి నలభై ఏళ్ల చొప్పున వంశాలు దాదాపు 120 ఏళ్లకు చితికిపోతాయని అతని వాదన. ఆధునిక కాలంలో సోవియట్ యూనియన్ 1922లో ఏర్పడి 1991లో ముగిసింది. అక్కడ నాయకుడు మారడం మరణంతోనో, పార్టీ లోపలి కుట్రతోనో జరిగేది. ఓటమి పాలైన నాయకుడు గౌరవంగా ఇంటికి వెళ్లి మళ్లీ పోటీకి వచ్చే దారి లేదు. 1977 మార్చిలో ఎన్నికల్లో ఓడిన ఇందిరా గాంధీ పదవి నుంచి తప్పుకోవడమూ, 1980లో ఎన్నికల ద్వారానే తిరిగి రావడమూ దీనికి పక్కన పెట్టి చూడండి. ఎమర్జెన్సీ పెట్టిన నాయకురాలి విషయంలో కూడా ఆ ఏర్పాటు పనిచేసింది. అందువల్ల ప్రశ్నను సూటిగా వేయండి: మీ సిద్ధాంతం ఓడిపోయిన రోజున ఏం చేయాలని చెబుతుంది?

చెడు కబురు పైకి ఎలా చేరుతుందన్న ప్రశ్నకు ఎక్కువ సమయం పట్టదు గాని, వదలకూడదు. 1943 బెంగాల్ కరవు సామ్రాజ్య పాలనలో, 1959–61 చైనా కరవు కమ్యూనిస్టు పాలనలో వచ్చాయి. రెండుచోట్లా లక్షల సంఖ్యలో, చైనాలోనైతే కోట్లలో, మనుషులు చనిపోయారు. స్వేచ్ఛ ఉన్న పత్రికలు, పోటీ ఎన్నికలు ఉన్నచోట ఇంతటి కరవు రాదని ఆర్థికవేత్త అమర్త్య సేన్ చేసిన వాదన ఇక్కడ చదవదగినది.

ఇక మరమ్మతు. దీనికి మాత్రం ఒక ఆదివారం పూర్తిగా కేటాయించి భీమిలి రోడ్డులో మంగమారిపేట దగ్గరున్న తొట్లకొండ ఎక్కండి. 1976లో నౌకాదళం జరిపిన వైమానిక సర్వేలో బయటపడిన ఈ బౌద్ధ ఆరామంలో విహారాల పునాదులు, భోజనశాల, రాతిలో తొలిచిన నీటి తొట్లు ఉన్నాయి. తవ్వకాల్లో శాతవాహనుల సీసపు నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. బృందాన్ని తొట్ల దగ్గర నిలబెట్టి నీటి సంగతి మాట్లాడించండి. వానాకాలంలో పడిన నీరే ఆధారం. ఆ నీరు తొట్టిలోకి చేరాలంటే రాతి మీది కాలువలో ఆకు, మట్టి పేరుకోకుండా చూడాలి, తొట్టిలో పూడిక తీయాలి, ఎంత నీరు వాడాలో ఒక నియమం ఉండాలి. కొన్ని శతాబ్దాల పాటు, ఒకరి ముఖం ఒకరు చూడని తరాల భిక్షువులు ఆ పని చేస్తూ వచ్చారు. పండించుకోని భిక్షువులకు తిండి కింది ఊళ్ల నుంచి, వర్తకుల దానాల నుంచి రావాలి. రోమ్‌తో సముద్ర వర్తకం సన్నగిల్లిన కాలానికి ఈ కొండలూ క్రమంగా నిశ్శబ్దమయ్యాయి. లోపలి క్రమశిక్షణ ఎంత గట్టిదైనా బయటి ఆధారం కూలితే ఏమవుతుందో ఇక్కడే చర్చించండి.

భిక్షు సంఘాలకు సభా నియమాలు, తీర్మానాలు, కోరం, ఓట్ల లెక్కింపు ఉండేవని అంబేడ్కర్ 1949 ప్రసంగంలోనే గుర్తుచేశారు. పాలీ వాఙ్మయంలో మరో కథనం కూడా కొండ మీదే చదువుకోవడం బాగుంటుంది. వజ్జి గణరాజ్యాన్ని జయించాలనుకున్న మగధ రాజు అజాతశత్రువు తన మంత్రి వస్సకారుణ్ణి బుద్ధుని దగ్గరకు పంపుతాడు. బుద్ధుడు మంత్రికి నేరుగా జవాబు చెప్పకుండా తన శిష్యుడు ఆనందుని అడుగుతాడు: వజ్జులు తరచుగా సమావేశమవుతున్నారా, కలిసి కూర్చుని కలిసి లేస్తున్నారా, స్థిరపడిన నియమాలను మన్నిస్తున్నారా, పెద్దల మాట వింటున్నారా, స్త్రీలను బలవంతంగా ఎత్తుకుపోకుండా ఉంటున్నారా? ఇవి సాగినంతకాలం వజ్జులకు క్షీణత లేదని ఆయన తేల్చాడు. యుద్ధంతో వీలుకాదు, వారిలో చీలిక తేవాలన్న పాఠం మంత్రి నేర్చుకుని వెళ్లాడు.

లెక్కలు అడిగే ఏర్పాటుకు ఇంకో పాత ఉదాహరణ తమిళనాడులోని ఉత్తరమేరూరు శాసనాలు. పదో శతాబ్దంలో, చోళ పరాంతకుని కాలంలో ఆ అగ్రహార సభ తాటాకు చీటీలు కుండలో వేసి చెరువు సంఘానికీ, తోటల సంఘానికీ సభ్యులను ఎంపిక చేసేది. అంతకుముందు సంఘంలో ఉండి లెక్కలు అప్పజెప్పనివాడు, అతని దగ్గరి బంధువులు అనర్హులు. ఇంత జాగ్రత్తగా రాసిన నియమాల్లో భూమి, ఇల్లు, వేదాధ్యయనం లేనివారికి చోటే లేదు. ఈ రెండు వాక్యాలనూ నోటుబుక్కులో ఒకే పేజీలో రాసుకోండి.

కొండ దిగాక వర్తమానానికి రావాలి. విశాఖ ఉక్కు కర్మాగారం కన్నా మంచి పరీక్షా వస్తువు ఈ నగరంలో లేదు. 'విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు' అన్న 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 1970లో ప్రకటన, 1971లో శంకుస్థాపన, 1992లో జాతికి అంకితం. 2021 జనవరిలో కేంద్రం నూరు శాతం పెట్టుబడుల ఉపసంహరణకు సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటించింది. ప్రణాళికా సోషలిజం, స్వేచ్ఛా విపణి, ప్రాంతీయ ఆత్మగౌరవం మూడూ ఈ ఒక్క కర్మాగారం మీద హక్కు చెప్పుకుంటాయి. ఇటువంటి చర్చలో ఒక విద్యార్థిని ప్రైవేటు యాజమాన్యం సమర్థత గురించి చెబుతుంటే, రిటైరైన ఉద్యోగి ఒకరు అడిగిన ప్రశ్న నాకు అన్నింటికన్నా ఉపయోగపడింది. "బ్లాస్ట్ ఫర్నేస్ లోపలి ఇటుక పొర పదిహేను ఇరవై ఏళ్లకు అరిగిపోతాదమ్మా. అది మార్చాలంటే ఫర్నేస్ నెలల తరబడి ఆపాలి, వందల కోట్లు పెట్టాలి. ఆ ఏడాది లాభం పోయినా పర్లేదని సంతకం పెట్టేవాడు నీ పద్ధతిలో ఎవరు?" అన్నారాయన. "మీ పద్ధతిలో మాత్రం ఎవరు పెట్టారు మాస్టారూ?" అని ఆమె అడిగింది. ఇద్దరి ప్రశ్నా న్యాయమైనదే. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న మూడు ఫర్నేసులనూ దృష్టిలో ఉంచుకుని, ప్రతి సిద్ధాంతం తరపువారూ ఆ సంతకం ఎవరిదో, ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో రాతపూర్వకంగా చెప్పాలని పట్టుబట్టండి. కర్మాగారం కోసం భూములు ఇచ్చిన నిర్వాసితుల మాటను ఇదే సమావేశంలో వినాలి.

భారం ఎవరిదన్న ప్రశ్నకు మన్యం వైపు కూడా చూడాలి. 1882 మద్రాసు అటవీ చట్టం పోడు వ్యవసాయానికి అడ్డుకట్ట వేయడమూ, రోడ్డు పనుల్లో వెట్టి చేయించడమూ కలిసి 1922–24లో అల్లూరి సీతారామరాజు నాయకత్వాన తిరుగుబాటుకు దారితీశాయి. స్వాతంత్ర్యం తర్వాత, 1970లో వచ్చిన 1/70 చట్టం గిరిజన ప్రాంతాల్లో గిరిజనేతరులకు భూమి బదిలీని నిషేధించింది. బొర్రా ప్రాంతపు మైనింగ్ లీజుల మీద వచ్చిన సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు ప్రభుత్వ భూమికి కూడా ఆ నిషేధం వర్తిస్తుందని తీర్పు ఇచ్చింది. 'అభివృద్ధి' గానీ, 'జాతి ప్రయోజనం' గానీ ఉచ్చరించే ప్రతి సిద్ధాంతాన్నీ ఈ తీర్పు పక్కన నిలబెట్టి, తనకు ఓట్లు తక్కువ ఉన్నచోట అది ఎలా నడుచుకుంటుందో చూడండి.

నెలాఖరు సమావేశంలో నాలుగు పేజీల పత్రం తయారుచేయండి. ఓటింగ్ పెట్టి ఆ సిద్ధాంతం గెలిచిందనో, ఓడిందనో ప్రకటించవద్దు. ఏ ప్రశ్నకు దాని దగ్గర ఏర్పాటు ఉంది, ఏ ప్రశ్నకు ఆశ మాత్రమే ఉంది అన్నది వేర్వేరుగా రాయండి. చివరి దిద్దుబాటు హక్కు దాన్ని నమ్మే సభ్యుడికే ఇవ్వండి; ఆయన ఒప్పుకోని వాక్యం కింద ఆయన అభ్యంతరాన్ని ఆయన మాటల్లోనే చేర్చండి. వచ్చే నెల దానికి ఎదురుగా నిలిచే సిద్ధాంతాన్ని తీసుకుని, ఒక్క మాట కూడా మార్చకుండా ఇవే ప్రశ్నలు వేయండి. పత్రం ప్రతి ఒకదాన్ని అందరికీ అందుబాటులో పెట్టి, చర్చకు రానివారు చదివి తమ ఆక్షేపణలు రాయడానికి వెనుక రెండు ఖాళీ పేజీలు వదిలిపెట్టండి.