తాత ఉన్నాడా, పోయాడా? తేల్చని ముగింపు తేడా కొట్టినప్పుడు

ఒడిశాలో బరంపురంలోనో పర్లాకిమిడిలోనో కూర్చుని మూడు నిమిషాల యానిమేషన్ సినిమా చేసే మన పిల్లలకి ఒక ఇష్టం ఉంటుంది: ముగింపు తేల్చకుండా వదలడం. మంచి ఇష్టమే. చూసినవాళ్లు తెల్లమొహం వేస్తేనే టెన్షన్. ఉదాహరణకి ఒక కథ అనుకుందాం. బరంపురం నేతగాళ్ల వీధి. హాస్టల్ నుంచి మనవరాలు ఇంటికొస్తుంది. మగ్గం దగ్గర తాత లేడు. మగ్గం చప్పుడు మాత్రం వినిపిస్తోంది. అంతే, సినిమా అయిపోయింది.

సమస్య: "ఇంతకీ ఏమైంది?" అంటారు, ఒక్కరూ ఊహ చెప్పరు

కారణం: చాలాసార్లు తీసినవాళ్లకే తెలీదు. "ప్రేక్షకులకే వదిలేశాం" అంటారు. వదలడానికైనా చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా!

పరిష్కారం: షాట్లన్నీ వరుసగా బొమ్మలు గీసుకున్న స్టోరీబోర్డు చివర రెండు వాక్యాలు రాయండి. ఒకటి: తాత పెరట్లో ఉన్నాడు, చప్పుడు పక్కింటి మగ్గానిది. రెండు: తాత పోయాడు, చప్పుడు మనవరాలి జ్ఞాపకంలోది. ఇప్పుడు రెండింటికీ ముందే ఆధారం వేయాలి. పక్కింటి మగ్గం ఒకసారి వినపడాలి. బస్సులో కునుకు తీస్తున్న పిల్లకి తాత మగ్గం ఒకసారి వినపడాలి. ఈ రెండు షాట్లూ లేకపోతే చివర్లో వచ్చేది ఉత్త చప్పుడే.

రంగులు వేయకముందే, యానిమాటిక్ దశలోనే, అంటే స్టోరీబోర్డు బొమ్మల్ని నిడివి, చప్పుడుతో కలిపి ఆడించి చూసేటప్పుడే, కథ తెలియనివాళ్లకి చూపించండి. "అర్థమైందా?" అని అడగొద్దు, మర్యాదకి అవునంటారు. "తాత ఎక్కడున్నాడు?" అని అడగండి. వాళ్లలో వాళ్లు వాదించుకుంటే బాగా కుదిరినట్టు. "ఏమో" అంటే ఆధారాల షాట్లు సరిపోలేదని.

సమస్య: అందరూ "పాపం, తాత పోయాడు" అని తేల్చేస్తారు

కారణం: గోడ మీద కాకి. మామూలు సినిమాలో కాకి తనంతట తానే వచ్చి వాలొచ్చు, ఎవరూ పట్టించుకోరు. యానిమేషన్‌లో దాన్ని ఎవరో కూర్చుని గీయాలి. సెకనుకి 24 ఫ్రేములు, ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములకి వాడినా 12 బొమ్మలు. ఊరికే ఎవరు గీస్తారు? చూసేవాళ్లు పైకి అనకపోయినా లెక్క అదే: తెర మీద ఉన్నదల్లా కావాలని పెట్టిందే. పైగా మనకి కాకి అంటే చుట్టాలు రావడమో, పిండమో. ఇల్లు ఖాళీగా ఉంటే గుర్తొచ్చేది పిండమే. ఫోటోకి దండ వేస్తే ఇక వాదనే లేదు. ఆరిపోయే దీపాన్ని మన సినిమాలు ఎప్పుడో అరగదీసేశాయి.

పరిష్కారం: ఒక్కో షాట్ దగ్గర ఆగి, ఇది ఏ వాక్యం వైపు లాగుతోందో చూడండి. ఒకదాన్ని పూర్తిగా చంపేసేది ఏదైనా తీసేయండి. కాకి మీద అంత మమకారం ఉంటే, మొదట్లోనే తాత చేత దానికి నాలుగు మెతుకులు వేయించండి. అప్పుడది రోజూ వచ్చే కాకి అవుతుంది, చివర్లో వాలినా ఒకవైపే తూగదు. పేర్లు పడేటప్పుడు వచ్చే ఏడుపు వయొలిన్ కూడా దండ లాంటిదే, తీసేయండి.

సమస్య: చివరి షాట్‌లో "నెట్ ఆగిపోయిందా?" అంటారు

కారణం: కదలని బొమ్మని ఫోన్లో బఫరింగ్ అనుకుంటారు. ఆ భయంతో కొందరు షాట్‌ని సెకనుకే కోసేస్తారు, అది ఇంకా నష్టం.

పరిష్కారం: మూడు సెకన్లు, అంటే 72 ఫ్రేములు, ఉంచండి. ఒక్క దారప్పోగు మాత్రం గాలికి ఊగనివ్వండి.

సమస్య: పిల్ల మొహంలో ఏ భావమూ లేదంటారు

మొహాన్ని మళ్లీ గీయకండి. సోవియట్ దర్శకుడు లెవ్ కులెషోవ్ వందేళ్ల కిందటే చేసి చూశాడు: ఒకే నటుడి మొహం పక్కన సూప్ గిన్నె పెడితే జనానికి ఆకలి కనిపించింది, శవపేటిక పెడితే దుఃఖం కనిపించింది. కాబట్టి మార్చాల్సింది మొహం తర్వాత వచ్చే షాట్‌ని. సగం నేసిన చీర చూపిస్తే రెండు అర్థాలూ నిలుస్తాయి. మడిచి గోడకి ఆనించిన మంచం చూపిస్తే ఒకటే.

సమస్య: అసలు విషయం తాత రాసిన చీటీలో ఉంది, సగంమంది చదవలేకపోయారు

ఇది మన సరిహద్దు తిప్పలు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ ఒడియా బడిలో చదువుకున్నవాళ్లు ఇక్కడ చాలామంది. చీటీ తెలుగులో ఉంటే వీళ్లు చదవలేరు, ఒడియాలో ఉంటే ఇచ్ఛాపురం అవతల ఆంధ్రావాళ్లు చదవలేరు. చీటీ మానేసి వస్తువుతో చెప్పండి: తాత కళ్లజోడు కిటికీలో ఉందా, లేదా? సబ్‌టైటిల్ తప్పదనుకుంటే రెండు లిపుల్లోనూ వేయండి. చివరి షాట్ మీద మాత్రం వద్దు. చూపు అక్షరాల మీదికి దిగితే ఖాళీ మగ్గాన్ని ఎవరూ చూడరు.