బోరు నీళ్లలో ఫ్లోరైడ్, కడుపులో నులిపురుగులు: ఇంట్లో ఎలా అడ్డుకోవాలి?

నీళ్లు కాచి తాగితే ఇక భయం లేదనుకుంటారు చాలామంది. కాస్తే చచ్చేవి ప్రాణమున్నవే: బాక్టీరియా, అమీబా, జియార్డియా అనే పేగు పరాన్నజీవి, నులిపురుగుల గుడ్లు. నేలలోంచి నీటిలో కరిగి, ఎక్కువైతే పళ్లనూ ఎముకలనూ పాడుచేసే ఫ్లోరైడ్ అలా పోదు. నీరు ఆవిరయ్యే కొద్దీ గిన్నెలో మిగిలినదాంట్లో దాని పాలు ఇంకా పెరుగుతుంది. అందుకే నల్లగొండ జిల్లా మర్రిగూడ, ఆంధ్రప్రదేశ్‌లోని కనిగిరి లాంటి చోట్ల బోరు మీద ఆధారపడ్డవాళ్లు ఈ రెండింటికీ వేర్వేరు జాగ్రత్తలు తీసుకోవాలి.

1. ముందు పరీక్ష

ఫ్లోరైడ్ కంటికి కనబడదు, నాలుకకు తెలియదు. టీడీఎస్ మీటరూ దాన్ని పట్టుకోలేదు. అది కరిగిన లవణాల మొత్తం ఎంతో చెబుతుందంతే. మీటరు 300 చూపించిన నీళ్లలోనూ ఫ్లోరైడ్ ఎక్కువ ఉండొచ్చు.

మోటారు 5 నిమిషాలు నడిచాక ట్యాంకు నుంచి కాకుండా బోరు పైపు దగ్గరే పట్టండి. లీటరు ప్లాస్టిక్ సీసాను అదే నీటితో మూడుసార్లు కడిగి నింపి, తేదీ రాసి, గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబుకు ఇవ్వండి. నీటిమట్టం మారితే అంకె కూడా మారుతుంది కాబట్టి ఎండాకాలంలో ఒకసారి, వానలయ్యాక ఒకసారి చేయించాలి. తాగునీటికి భారత ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మి.గ్రా. దాటకూడదు. వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 వరకు ఒప్పుకుంటారు.

2. వంట నీళ్లూ మార్చాలి

ఎక్కువ ఇళ్లలో జరిగే పొరపాటు ఇక్కడే. తాగడానికి క్యాను కొంటారు, అన్నం పప్పు మాత్రం బోరు నీళ్లతో వండుతారు. బియ్యం పీల్చుకున్న నీటితో పాటే ఫ్లోరైడూ కడుపులోకి వెళ్తుంది. తాగడానికి, వంటకు కలిపి మనిషికి రోజుకు 5 లీటర్ల మంచినీళ్లు లెక్కేసుకోండి. స్నానానికి, బట్టలకు బోరు నీళ్లు వాడినా ఇబ్బంది లేదు.

నది నీళ్లను శుద్ధి చేసి ఇచ్చే తెలంగాణ పథకం మిషన్ భగీరథ నల్లా వస్తుంటే వంటకూ తాగడానికీ అవే పట్టుకోండి. ఆ నీళ్లను తెచ్చి బోరు నీళ్లున్న సంపులోనే వదిలితే ప్రయోజనం పోతుంది.

పిల్లల విషయంలో ఆలస్యం పనికిరాదు. పళ్ల మీద గోధుమ రంగు చారలు ఎనిమిదేళ్ల లోపే ఏర్పడతాయి, తోమితే పోవు. నల్లగొండ ప్రాంతంలో మోకాళ్లు ఒకదానికొకటి తగిలేలా కాళ్లు వంకరపోవడాన్ని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లో ప్రచురించారు. కాల్షియం తక్కువైన ఒంట్లో ఈ నష్టం ఇంకా ఎక్కువ. పాలు, పెరుగు, రాగులు పెట్టండి, అయితే నీళ్లు మార్చకుండా తిండి ఒక్కటే కాపాడదు.

3. ఆర్వో, పటిక

ఆర్వో ఫ్లోరైడ్‌ను చాలావరకు తీసేస్తుంది. ఒక చిక్కుంది. చాలా మెషీన్లలో టీడీఎస్ సర్దే చిన్న మర ఉంటుంది. రుచి కోసం దాన్ని తిప్పితే మెంబ్రేన్ (నీటిని వడగట్టే పొర) గుండా పోని నీళ్లు శుద్ధి నీళ్లలో కలుస్తాయి, వాటితో ఫ్లోరైడూ వస్తుంది. బిగించేటప్పుడే దాన్ని పూర్తిగా మూయించండి. మెంబ్రేన్ పాడవుతోందని తెలుసుకోవడానికి మాత్రం టీడీఎస్ మీటరు పనికొస్తుంది: బయటికొచ్చే నీటి అంకె నెలనెలా పెరుగుతుంటే మార్చే సమయం వచ్చినట్టే. వ్యర్థపు నీళ్లు నేల తుడవడానికే. ఊళ్లో ప్లాంటు క్యాను కొంటే ఫ్లోరైడ్ రిపోర్టు అడగండి.

కరెంటు, ఆర్వో లేనిచోట జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించిన నల్లగొండ పద్ధతి ఉంది. అడుగుకు రెండంగుళాల పైన కుళాయి ఉన్న 40 లీటర్ల బకెట్టులో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, నిమిషం వేగంగా, పది నిమిషాలు మెల్లగా తిప్పి, గంటసేపు కదపకుండా ఉంచి, పైన తేరిన నీటిని పట్టుకోవాలి. మోతాదు ఫ్లోరైడ్‌తో పాటు నీటి క్షారతను (ఆమ్లాన్ని తట్టుకునే గుణాన్ని) బట్టి మారుతుంది. ల్యాబులో రాయించుకోకుండా ఉజ్జాయింపుగా వేస్తే అల్యూమినియం నీళ్లలో మిగిలిపోతుంది.

4. ఇక పురుగులు

నీళ్లు సలసల మరిగాక ఒక నిమిషం ఉంచితే చాలు. మూతపెట్టి చల్లార్చి, కుళాయి ఉన్న పాత్రలో పోయండి. గ్లాసు ముంచితే గోళ్ల కింది మురికి నేరుగా నీళ్లలోకి. ట్యాంకులో 1000 లీటర్లకు 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్ వేసి గంట ఆగితే బాక్టీరియా చస్తుంది. నులిపురుగుల్లో ఒక రకమైన ఏలికపాముల గుడ్లు మాత్రం దానికి లొంగవు.

ఆ గుడ్లు జిగటగా ఉండి ఆకుకూరల కాడలకు అంటుకుంటాయి. ధారగా పడే నీళ్ల కింద ఆకు ఆకూ కడగాలి. ఉప్పు నీళ్లలో నానబెడితే చావవు, ఉడికితే చస్తాయి. పచ్చిగా తినే కొత్తిమీర, క్యారెట్ దగ్గరే ముప్పు ఎక్కువ.

కొంకి పురుగు (హుక్‌వార్మ్) దారి వేరు. దాని పిల్ల పురుగులు మలం కలిసిన తడి మట్టిలో ఉండి, ఒట్టి కాళ్ల చర్మంలోంచి దూరతాయి. ఎన్ని నీళ్లు కాచినా ఇవి ఆగవు. చెప్పులు, మరుగుదొడ్డి ఆపుతాయి. ఈ పురుగు పేగులో రక్తం తాగుతుంది కాబట్టి పాలిపోయిన పిల్లలకు ఐరన్ మాత్రలు మాత్రమే ఇస్తే సరిపోదు.

బడుల్లో, అంగన్‌వాడీల్లో ఫిబ్రవరి 10, ఆగస్టు 10న ఇచ్చే నులిపురుగుల మందు ఆల్బెండజోల్ 400 మి.గ్రా. ఒక మాత్ర, ఏడాది నుంచి రెండేళ్ల పిల్లలకు సగం. పెద్ద పిల్లలు నమిలి మింగాలి, చిన్నవాళ్లకు పొడి చేసి నీళ్లలో కలిపి ఇవ్వాలి. మొత్తం మాత్ర గొంతుకు అడ్డుపడొచ్చు. గర్భిణులు మొదటి మూడు నెలల్లో వేసుకోకూడదు, ఆ తర్వాతైనా డాక్టరు చెబితేనే.