కంటికి కనపడని అక్షరంతో ఒక రాత్రి

మాదాపూర్‌లో ఆఫీసు, కొత్తపేటలో కస్టమర్. ఆయన కిరాణా షాపుకి నేను రాసిచ్చిన చిన్న యాప్‌లో సెర్చ్ మొరాయించింది. "తమ్మీ, ఆయిల్ ప్యాకెట్లు కండ్ల ముంగటనే ఉన్నయ్, నీ యాప్ లేవంటది" అని ఫోన్.

డేటాబేస్ తెరిస్తే ‘ఆయిల్’ శుభ్రంగా ఉంది. నేను టైప్ చేసిందీ ‘ఆయిల్’. పక్కపక్కన పెట్టినా పొల్లంత తేడా లేదు. ట్రిమ్ చేశా (అటూ ఇటూ ఉన్న ఖాళీలు తీసేశా), యూనికోడ్ నార్మలైజ్ చేశా (ఒకే అక్షరం రెండు రకాలుగా నమోదైతే ఒకే రూపానికి తెచ్చా), రెండు చాయ్‌లు తాగా. ఏదీ పనిచెయ్యలేదు.

చివరికి ప్రోగ్రామింగ్ భాష పైథాన్‌లో రెండు పదాల పొడవూ అడిగా. నాది 5: ఆ, య, గుడి, ల, పొల్లు. డేటాబేస్‌లోది 6! ఒక్కో అక్షరాన్నీ అక్షరం కోడ్ నంబర్ చెప్పే ‘ఆర్డ్’ ఫంక్షన్‌కి ఇస్తే చివర్లో 8204 బయటపడింది. అదే జీరో విడ్త్ నాన్ జాయినర్, వెడల్పే లేని ఒక గుర్తు. పొల్లు తర్వాతి అక్షరం ఒత్తుగా మారకుండా ఆపడానికి కొన్ని తెలుగు కీబోర్డులు దీన్ని పెడుతుంటాయి. పదం చివర ఉంటే కంటికి ఆనదు. స్పేస్ కింద లెక్కకు రాదు కాబట్టి ట్రిమ్ దాని జోలికి పోదు.

మొత్తం డేటాలోంచి పీకేద్దామనుకున్నా. అప్పుడు ‘సాఫ్ట్‌వేర్’ కాస్తా ‘సాఫ్ట్వేర్’ అయి కూర్చుంటుంది. అందుకే పేర్లు ముట్టుకోలేదు. సెర్చ్ కోసం వేరే కాలమ్ పెట్టి, అందులో 8204 తీసేసిన రూపం ఎక్కించా. యూజర్ టైప్ చేసినదానికీ అదే రీప్లేస్. దాని తమ్ముడు 8205, అంటే జీరో విడ్త్ జాయినర్‌కీ అంతే.

పొద్దున మళ్లీ ఫోన్. ఆయిల్ దొరికిందట, బిల్లు ప్రింటర్ మాత్రం తిరగట్లేదట.