చిన్న వ్యాపారానికి రిమోట్ యాక్సెస్ వీపీఎన్‌ను ఎంచుకోవడం

విశాఖపట్నం పోర్టు పరిసరాల్లోని క్లియరింగ్ ఏజెన్సీ కావచ్చు, ఆటోనగర్‌లోని చిన్న కర్మాగారం కావచ్చు, ఆఫీసు కంప్యూటరులో ఉన్న ట్యాలీని అకౌంటెంటు ఇంటి నుంచి చూడవలసి వచ్చినప్పుడు, రూటరులో 3389 పోర్టును, అంటే బయటి కంప్యూటర్లు లోపలికి వచ్చే ఆ నంబరు ద్వారాన్ని తెరిచి పని జరిగిందనుకునే అలవాటు ఒకటి ఉంది. అది దూరం నుంచి కంప్యూటరు తెరను చూస్తూ పనిచేయించే విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు. ఇంటర్నెట్టంతా గాలిస్తూ తెరిచి ఉన్న అటువంటి పోర్టులను పట్టుకుని పాస్‌వర్డులు ఊహించే ప్రోగ్రాములు రాత్రింబవళ్లు పనిచేస్తూనే ఉంటాయి. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ముఠాలకు అది వాడుకైన దారి. కాబట్టి ఏ వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా ఆఫీసుకు వేసే రహస్య, సురక్షిత దారి) కొనాలో ఆలోచించే ముందే ఆ పోర్టును మూసివేయాలి.

తరువాత ఎవరు, ఏ యంత్రాన్ని, ఎందుకు చేరుకోవాలో ఒక కాగితం మీద రాయండి. చాలా చిన్న ఆఫీసుల్లో ఆ జాబితా నాలుగైదు వరుసలు దాటదు. అకౌంటెంటుకు ట్యాలీ ఉన్న కంప్యూటరు తప్ప మరేమీ అవసరం లేనప్పుడు, వీపీఎన్ కూడా ఆ ఒక్క కంప్యూటరు వరకే దారి ఇవ్వాలి. ఆఫీసు నెట్‌వర్కు మొత్తాన్ని తెరిచిపెడితే ఆయన ఇంటి ల్యాప్‌టాప్‌లోని వైరస్‌కు కూడా అదే దారి దొరుకుతుంది. ట్యాలీ డేటా ఫోల్డరును వీపీఎన్ మీదుగా నేరుగా తెరవడం కన్నా, వీపీఎన్ లోపల రిమోట్ డెస్క్‌టాప్ వాడడమే మేలు. లేకపోతే పని నెమ్మదిస్తుంది, మధ్యలో లైను తెగితే డేటా చెడిపోయే ప్రమాదమూ ఉంది.

మీ బ్రాడ్‌బ్యాండు సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. రూటరులో కనిపించే వాన్ చిరునామా (ఇంటర్నెట్ కంపెనీ మీ రూటరుకు ఇచ్చిన నంబరు) 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే, ఒకే పబ్లిక్ చిరునామాను మీతో పాటు ఇతర చందాదారులకూ పంచారని అర్థం. అప్పుడు బయటివారు నేరుగా మీ ఆఫీసుకు చేరలేరు. మీకు మాత్రమే చెందిన, మారని పబ్లిక్ చిరునామా (స్టాటిక్ ఐపీ) తీసుకోవాలి, లేదా టెయిల్‌స్కేల్ వంటి, లోపలి నుంచే అనుసంధానం కుదుర్చుకునే సేవను ఎంచుకోవాలి.

వీపీఎన్ పద్ధతుల విషయంలో పీపీటీపీ అనే పాతదానిని పరిశీలించనక్కరలేదు. అది ఎప్పుడో ఛేదించబడింది. 2020లో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నెల్ 5.6లో చేరిన వైర్‌గార్డ్ తేలికైనది, వేగమైనది. అయితే దానికి సొంతంగా పాస్‌వర్డు, ఓటీపీ అడిగే ఏర్పాటు లేదు, తాళంచెవి ఫైలు ఎవరి దగ్గర ఉంటే వారికి ప్రవేశం దొరుకుతుంది. ఓపెన్‌వీపీఎన్ కాస్త బరువైనదే కాని, సర్టిఫికెట్టుతో (ఆ పరికరానికి ఇచ్చే గుర్తింపు ఫైలుతో) పాటు ఓటీపీ కూడా అడిగేలా అమర్చుకోవచ్చు. సిబ్బంది ఫోన్లు తరచుగా మారే ఆఫీసుకు నేనైతే రెండవదానినే సూచిస్తాను.

ఆఫీసు నెట్‌వర్కుకు కాపలా కాసే ఖరీదైన ఫైర్‌వాల్ పెట్టె ఉంటే భద్రత దానంతటదే వస్తుందన్న నమ్మకం సరికాదు. పేరున్న సంస్థలు అమ్మే ఎస్ఎస్ఎల్ వీపీఎన్ (వెబ్‌సైట్లు వాడే రహస్య పద్ధతితోనే నడిచే వీపీఎన్) పరికరాల్లో కూడా తీవ్రమైన లోపాలు బయటపడ్డాయి. సవరణ వచ్చిన తరువాత కూడా అప్‌డేటు చేయని పరికరాలే ఎక్కువగా దెబ్బతిన్నాయి. అమ్మేవారిని ధర అడగడానికి ముందు, ఈ నమూనాకు ఎన్నేళ్లపాటు అప్‌డేట్లు వస్తాయి, వాటిని ఎవరు వేస్తారు, లైసెన్సు గడువు ముగిస్తే అవి ఆగిపోతాయా అని అడగండి. సమాధానం సూటిగా రాకపోతే మరో దుకాణం చూడండి.

సైబర్ దాడుల విషయం చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ ఘటనను గుర్తించిన 6 గంటల్లో తెలియజేయాలి, లాగ్‌లను (కంప్యూటర్లలో ఎప్పుడు ఏం జరిగిందో చెప్పే నమోదులను) 180 రోజులు భద్రపరచాలి. అందువల్ల ఎవరు ఎప్పుడు ప్రవేశించారో పేరుపేరునా నమోదు చేయని వీపీఎన్‌ను, అందరికీ ఒకే లాగిన్ ఇచ్చే ఏర్పాటును పక్కన పెట్టండి.

డబ్బు చెల్లించే ముందు వారం రోజులు పరీక్షించండి. మధురవాడలో ఉన్న ఉద్యోగి చేత మొబైల్ డేటా మీద ట్యాలీ తెరిపించండి. తరువాత ఆఫీసు నుంచి ఆయన ఖాతాను తొలగించి, కనెక్షన్ అప్పటికప్పుడే తెగిందో లేదో ఫోనులో అడిగి తెలుసుకోండి.