కొత్తగా యూకే వచ్చినవాళ్లకు: ఫోన్ నిండిందని కనిపించినదల్లా తుడిచేయకండి

పోయిన ఆదివారం అన్నం ముందు కూర్చోబోతుంటే మా వీధి చివరింట్లో దిగిన కుర్రాడు తలుపు కొట్టాడు. సెప్టెంబర్ ఇంటేక్‌లో వచ్చినవాడు, మాది గుంటూరు అంటే వాళ్లది సత్తెనపల్లి. మొహం వాడిపోయి ఉంది.

"అన్నా, కోడ్ రావట్లేదు."

సంగతేమిటంటే, వేరే ఇంటికి మారుతున్నాడు. సోమవారం పొద్దున్నే షేర్ కోడ్ (మన వీసాని ఇంటివాళ్లు ఆన్‌లైన్‌లో సరిచూసుకునే కోడ్) ఇవ్వకపోతే ఇల్లు ఇంకొకళ్లకి ఇచ్చేస్తామన్నారు. ఇప్పుడు వీసా కార్డులు లేవు కదా, అంతా ఆన్‌లైన్‌లో ఉండే ఈవీసానే. షేర్ కోడ్ తీయాలంటే ముందు వీసా అకౌంట్‌లోకి వెళ్లాలి. పాస్‌పోర్ట్ నంబరు, పుట్టిన తేదీ కొట్టాక మెయిల్‌కో ఫోన్‌కో ఒక సెక్యూరిటీ కోడ్ వస్తుంది. ఇతగాడు ఇచ్చింది ఇండియా నంబరు. ఆ సిమ్‌కి రీఛార్జి అయిపోయి మూడు వారాలైంది. ఇక మిగిలింది మెయిల్. అదీ రావట్లేదు.

"ఫోన్ ఫుల్ అని వస్తుంటే రాత్రంతా కూర్చుని వీడియోలు డిలీట్ చేశా అన్నా. 20 జీబీ ఖాళీ ఉంది చూడు" అని చూపించాడు. నిజమే, ఖాళీగానే ఉంది. అక్క పెళ్లి వీడియోలు కూడా పోయాయట. మెయిల్ మాత్రం రాలేదు.

ఎందుకొస్తుంది నాయనా? నిండింది ఫోన్ కాదు, నీ గూగుల్ అకౌంట్. ఇంట్లో బీరువా సర్దితే బ్యాంకు లాకరు ఖాళీ అవుతుందా?

ఈ ఒక్క ముక్క చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. మిగతావి మీకు తెలుసు. యాప్‌లు ఎలా తీసేయాలో, సెట్టింగ్స్‌లో స్టోరేజ్ ఎక్కడుంటుందో మీ చిన్న తమ్ముడికీ తెలుసు. కానీ ఈ 15 జీబీ సంగతి మాత్రం చదువుకున్నవాళ్లకే తెలియట్లేదు.

గూగుల్ ఊరికే ఇచ్చేది 15 జీబీ. అందులోనే జీమెయిల్, డ్రైవ్, గూగుల్ ఫొటోస్ మూడూ సర్దుకోవాలి. 2021 జూన్ 1 ముందు కాస్త క్వాలిటీ తగ్గించి ఎక్కించిన ఫొటోలు ఈ లెక్కలోకి వచ్చేవి కావు. ఆ రోజు నుంచి ఎక్కినవన్నీ వస్తున్నాయి. ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ బ్యాకప్ కూడా ఒకప్పుడు లెక్కలో ఉండేది కాదు, 2024 నుంచి అదీ చేరింది. అంటే మీ ఇంటర్ గ్రూపు, బీటెక్ గ్రూపు, కజిన్స్ గ్రూపు, వీసా కన్సల్టెన్సీ వాడు పెట్టిన గ్రూపు, అన్నిట్లో పడిన చెత్తంతా మీ ఉత్తరాల పెట్టె మీద కూర్చుని ఉంది. పెట్టె నిండితే మీకు కొత్త మెయిల్ రాదు, మీరు పంపినా పోదు. వచ్చే మెయిల్ పంపినవాళ్లకే తిరిగెళ్తుంది. తర్వాత మీరు ఖాళీ చేసినా ఆ పోయినవి వెనక్కి రావు, మళ్లీ పంపమని అడుక్కోవాల్సిందే.

ఇంటర్వ్యూ పిలుపు వచ్చేది ఆ పెట్టెకే. వీసా కోడ్ వచ్చేదీ దానికే. ఇండియాలో మీ ఎడ్యుకేషన్ లోను ఇచ్చిన బ్యాంకు నోటీసులు వచ్చేదీ దానికే. అమ్మ పంపిన గులాబీ పువ్వు "శుభోదయం" దానికి అడ్డం పడి ఉంటుంది.

కాబట్టి ఇప్పుడే, ఇది చదవడం ఆపి, గూగుల్ వన్ యాప్ తెరవండి. ఏది ఎంత తింటోందో అక్కడే చూపిస్తుంది. ఫొటోస్ ఎక్కువుంటే ఫొటోస్‌లో బ్యాకప్ సెట్టింగ్స్‌కి వెళ్లి, ఏయే ఫోల్డర్లు ఎక్కుతున్నాయో చూసి వాట్సాప్ ఫోల్డర్లు ఆపేయండి. నూటికి తొంభై మంది ఫోన్లలో అది ఆన్‌లోనే ఉంటుంది, నా కళ్లతో చూశాను (నూరు మందిని చూడలేదనుకోండి, మా ఇంటికొచ్చిన అందరివీ చూశాను). వాట్సాప్ బ్యాకప్ ఎక్కువుంటే చాట్ బ్యాకప్‌లో వీడియోలు కలపొద్దని చెప్పండి. మెయిల్ ఎక్కువుంటే జీమెయిల్ సెర్చ్‌లో ఇంగ్లీషులో లార్జర్ అని కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా 10ఎం అని రాయండి. 10 ఎంబీ దాటిన మెయిళ్లన్నీ బయటికొస్తాయి. ఎప్పుడో కాలేజీ ప్రాజెక్టు పీపీటీలు, అందరికీ సీసీ పెట్టినవి. తీసేయండి. తీసేశాక ట్రాష్ కూడా ఖాళీ చేయండి, ఎందుకంటే జీమెయిల్ ట్రాష్‌లో ఉన్నదీ, డ్రైవ్ ట్రాష్‌లో ఉన్నదీ 15 జీబీ లెక్కలోనే ఉంటాయి. ఊడ్చిన చెత్త గుమ్మంలోనే వదిలేస్తే ఎలా? అంతా చేశాక అంకె వెంటనే తగ్గదు, కాసేపు ఆగాలి. ఆ కాసేపట్లో కంగారుపడి ఇంకోటి తుడిచేయకండి.

కంగారులో తుడిచేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. నేను దిగింది 2019 జనవరిలో. 23 కిలోల బ్యాగులు రెండూ నాలుగుసార్లు తూచుకుని తెచ్చుకున్నా గానీ, చేతిలో ఉన్న 16 జీబీ ఫోన్ గురించి ఒక్కసారీ ఆలోచించలేదు. సిస్టమే సగం మింగేసేది. రెండో వారంలో వేర్‌హౌస్‌లో పార్ట్‌టైమ్ దొరికింది, షిఫ్టులు యాప్‌లో వస్తాయన్నారు. యాప్ ఎక్కట్లేదు. ఫోన్‌లో అన్నిటికన్నా పెద్దది వాట్సాప్. "తీసేసి మళ్లీ వేసుకుంటే సరి" అనుకుని తీసేశాను. ఫైల్ మేనేజర్‌లో వాట్సాప్ ఫోల్డర్ ఇంకా కనిపిస్తుంటే దాన్నీ తుడిచేశాను, తెలివి ఎక్కువై.

షిఫ్టు యాప్ ఎక్కింది. రాత్రికి వాట్సాప్ మళ్లీ వేసుకుంటే ఇండియా నంబరుకి ఓటీపీ పంపాం అంది. ఆ సిమ్‌కి రోమింగ్ లేదు, వ్యాలిడిటీ కూడా అయిపోయింది. నాన్నకి ఫోన్ చేసి రీఛార్జి చేయమందామంటే నా దగ్గర కాలింగ్ బ్యాలెన్స్ లేదు, నాన్న నంబరు ఉన్నది వాట్సాప్‌లోనే. మూడు రోజులు ఇంటికి కబురు లేదు. అమ్మ రెండు రోజులు అన్నం తినలేదని తర్వాత తెలిసింది. నాలుగో రోజు రూమ్మేట్ ఫేస్‌బుక్‌లో మా బావని వెతికి పట్టుకున్నాడు.

వాట్సాప్ తిరిగొచ్చింది. బ్యాకప్ ఎప్పుడూ పెట్టుకోలేదు కాబట్టి లోపల ఏమీ లేదు. ఎయిర్‌పోర్టుకి బయలుదేరిన రోజు తాతయ్య ఒక వాయిస్ మెసేజ్ పెట్టారు, ఆయనకి టైపింగ్ రాదు. అది అందులోనే ఉండేది.

సరే, అది వదిలేయండి.

చోటు కోసం ఎట్టి పరిస్థితిలోనూ తీసేయకూడనివి మూడు. వాట్సాప్ మొదటిది, కారణం చెప్పాను. రెండోది బ్యాంకు యాప్. మళ్లీ వేసుకుంటే మళ్లీ సెల్ఫీ వీడియో అంటాడు, మళ్లీ పాస్‌పోర్ట్ అంటాడు. మూడోది అథెంటికేటర్, అంటే లాగిన్ అయ్యేటప్పుడు అది మీరేనని తేల్చే యాప్. చూడటానికి ఏ పనీ లేని యాప్‌లా ఉంటుంది, అందుకే అందరూ ముందు దాని మీదే పడతారు. అది పోతే యూనివర్సిటీ మెయిల్ తెరుచుకోదు, ఐటీ హెల్ప్‌డెస్క్ ముందు ఐడీ కార్డు పట్టుకుని నిలబడాలి. అసైన్‌మెంట్ గడువు రాత్రి ఆ పని చేసినవాళ్లున్నారు. ఈ మూడింటికి "క్లియర్ డేటా" కూడా కొట్టకండి, తీసేసినట్టే లెక్క. "క్లియర్ కాష్" కొట్టుకోండి, దాంతో ఏమీ పోదు.

ఇంకో మాట. గూగుల్ ఫొటోస్ యాప్‌లో బ్యాకప్ అయిన ఫొటోని డిలీట్ చేస్తే ఫోన్‌లోనూ పోతుంది, పైన గూగుల్ అకౌంట్‌లోనూ పోతుంది. ఫోన్‌లో మాత్రమే తగ్గాలంటే అక్కడే "ఫ్రీ అప్ స్పేస్" అని ఉంటుంది, అది నొక్కాలి. పొరపాటున పోయినా బ్యాకప్ అయినవి ట్రాష్‌లో 60 రోజులు ఉంటాయి, వెళ్లి తెచ్చుకోండి. ఐఫోన్ వాళ్లకైతే ఐక్లౌడ్ ఊరికే ఇచ్చేది 5 జీబీయే. ఐక్లౌడ్ ఫొటోస్ ఆన్‌లో ఉంటే అక్కడా అదే కథ, ఒకచోట తీస్తే అన్నిచోట్లా పోతుంది. యాప్ తీయాలనుకుంటే డిలీట్ బదులు "ఆఫ్‌లోడ్" వాడండి, యాప్ పోయినా లోపలి డేటా మిగులుతుంది.

అసలు తినేవి పీడీఎఫ్‌లు కాదు. వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చిన క్యాస్ లెటరు, టీబీ సర్టిఫికెట్, మార్కుల మెమోలు అన్నీ కలిపినా గుప్పెడంత. వాటి జోలికి వెళ్లకండి, ఇంకా చెప్పాలంటే ల్యాప్‌టాప్‌లో ఒక కాపీ పెట్టండి. తినేది వీడియో. ఐఫోన్ కెమెరా సెట్టింగ్స్‌లో వాళ్లే రాసి ఉంటారు చూడండి: 4కే, 60 ఫ్రేముల్లో ఒక్క నిమిషం తీస్తే సుమారు 400 ఎంబీ, 1080పీ, 30 ఫ్రేముల్లో అయితే 60. లండన్ ఐ చుట్టూ తిరుగుతూ పది నిమిషాలు తీస్తే 4 జీబీ గోవిందా. మీ రీలుకి 1080 చాలు.

వాట్సాప్‌లో ఆటో డౌన్‌లోడ్ మొత్తం ఆపేయండి. మేనేజ్ స్టోరేజ్‌కి వెళితే 5 ఎంబీ దాటినవి, ఎక్కువసార్లు ఫార్వర్డ్ అయినవి విడిగా చూపిస్తుంది. ఆ రెండో కుప్ప కళ్లు మూసుకుని తీసేయొచ్చు.

డబ్బు కడితే 100 జీబీ వస్తుంది కదా అంటారా? వస్తుంది, నెలకి ఇక్కడి ఒక కాఫీ ఖర్చు కూడా కాదు. గడువు నెత్తి మీదుంటే కట్టేయండి, నేనేమీ అనను. కానీ 15 జీబీ దాటి నింపుకుని కట్టడం ఆపేస్తే మళ్లీ పెట్టె మూసుకుంటుంది, అదీ గుర్తుంచుకోండి.

ఆ సత్తెనపల్లి కుర్రాడి సంగతి చెప్పలేదు కదూ. మెయిల్‌లో పాత అటాచ్‌మెంట్లు, డ్రైవ్‌లో మూడు సినిమాలు (అవి అక్కడ ఎందుకున్నాయో అడగలేదు) తీసేసి, ట్రాష్‌లు ఖాళీ చేసి అన్నం తిన్నాం. తినేసరికి మెయిల్ కదిలింది. కోడ్ మళ్లీ పంపమంటే వచ్చింది, షేర్ కోడ్ తీశాడు, ఇల్లు దొరికింది. అక్క పెళ్లి వీడియోలు కూడా గూగుల్ ఫొటోస్‌లో పైన భద్రంగా ఉన్నాయి, వాడు తుడిచింది గ్యాలరీలోవే. మొత్తం కలిపి గంట పని. అంత భయపడాల్సిందేమీ లేదు, ఒప్పుకుంటున్నాను.

ఇవన్నీ చేసినా మెయిల్ రాకపోతే నాకు మెసేజ్ పెట్టండి. పొద్దున తొమ్మిదిలోపు మాత్రం పెట్టకండి, నాకు నైట్ షిఫ్టు.