దుఃఖంలో ఉన్నవాళ్ళ దగ్గర కూర్చోవడం ఎలా నేర్పాలి: విశాఖలో కొత్త కౌన్సిలర్లకి శిక్షణ ఇచ్చేవాళ్ళ కోసం

సైకాలజీలోనో సోషల్ వర్క్‌లోనో పీజీ చేసి వచ్చిన పిల్లలకి డిప్రెషన్ గురించి తెలుసు, యాంగ్జైటీ గురించి తెలుసు, ప్రశ్నావళి ఇచ్చి స్కోర్ వెయ్యడం వచ్చు. కానీ భర్త పోయి నెల కూడా కాని మనిషి ఎదురుగా కూర్చుని, ఏమీ మాట్లాడకుండా కొంగు చివర నలుపుకుంటూ ఉంటే వాళ్ళకి టెన్షన్ వచ్చేస్తుంది, ఏదో ఒకటి చెప్పాలనిపిస్తుంది, ఆ చెప్పేది సాధారణంగా చెప్పకూడనిదే అయ్యుంటుంది. మీరు ఒక క్లినిక్‌లోనో, స్వచ్ఛంద సంస్థలోనో, కాలేజీలోనో ఇలాంటి బ్యాచ్‌కి శిక్షణ ఇవ్వబోతుంటే ఇది మీకోసం. నా మాట ఒక్కటే. ఎవరు పోయారు, ఎలా పోయారు, ఆ పోవడాన్ని నలుగురూ నష్టంగా ఒప్పుకున్నారా లేదా అన్నదాన్ని బట్టి ఏడుపు ఒక్కొక్కరికి ఒక్కోచోట ఆగిపోతుంది, ఆ ఆగిన చోటు కనిపెట్టడం నేర్పాలి, మిగతావన్నీ దాని తర్వాతే.

మొదటి రోజు దుఃఖానికి ఐదు దశలన్న స్లైడ్ (నమ్మకపోవడం, కోపం, బేరం, దిగులు, ఒప్పుకోవడం) పెట్టకండి. ఎలిజబెత్ కూబ్లర్-రాస్ అనే సైకియాట్రిస్ట్ 1969లో ఆ దశలు రాసింది చావుకి దగ్గరైన రోగులతో మాట్లాడి, వాళ్ళ గురించి. వెనక మిగిలినవాళ్ళ గురించి మొదలైన మాట కాదది. అది తలకెక్కితే ట్రైనీ క్లయింట్‌కి కోపం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తూ కూర్చుంటాడు, రాకపోతే ఇంకా ఒప్పుకోలేదని ఫైల్లో రాసేస్తాడు. దాని బదులు విలియం వర్డెన్ అనే సైకాలజిస్ట్ చెప్పిన, దుఃఖంలో ఉన్నవాళ్ళు చెయ్యాల్సిన నాలుగు పనులు చెప్పండి: పోయారన్నది నిజమని ఒప్పుకోవడం, ఆ బాధని పడడం, వాళ్ళు లేని ఇంట్లో బతకడం నేర్చుకోవడం, పోయినవాళ్ళతో బంధం ఉంచుకుంటూనే ముందుకి నడవడం. ఇవి మెట్ల వరుస కాదు, ఒకటి సగంలో ఉండగా ఇంకోటి మొదలవుతుంది.

ఇంకొకటి తప్పకుండా చెప్పాల్సింది, 1999లో స్ట్రోబ్, షుట్ అనే పరిశోధకులు రాసిన రెండు వైపుల నమూనా. మనిషి కాసేపు నష్టం వైపు ఉంటాడు, కాసేపు బతుకు వైపు వెళ్తాడు, మళ్ళీ వస్తాడు. పొద్దున్న జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ఆఫీసులో డెత్ సర్టిఫికెట్ కోసం గట్టిగా పోట్లాడి వచ్చి, మధ్యాహ్నం మనవడి అల్లరికి నవ్వి, రాత్రి ఆయన చొక్కా వాసన చూసి కుప్పకూలిపోయిన ఆవిడకి ఏ జబ్బూ లేదు. చుట్టుపక్కల వాళ్ళు మాత్రం "నవ్వుతోంది చూడు" అంటారు. ఆ మాట పడి వచ్చిన క్లయింట్‌కి నవ్వినా తప్పు లేదని చెప్పగలిగేంత నమ్మకం ట్రైనీలో ఉండాలి.

క్లాసు మొదలవ్వక ముందే

బ్యాచ్‌లో ఒక్కొక్కరితో విడిగా మాట్లాడండి. వాళ్ళ ఇంట్లో ఈ మధ్య ఎవరైనా పోయారా, ఏ రకం చావు గురించి వింటే తట్టుకోలేరు అని అడగండి. ఆ తర్వాత ఒక కాగితం మీద గీత గీసి, పుట్టినప్పటి నుంచీ తాము పోగొట్టుకున్నవి రాసుకోమనండి. మనుషులే అక్కర్లేదు, వదిలేసి వచ్చిన ఊరు, తెగిపోయిన స్నేహం, ఫెయిలైన ఏడాది, ఏదైనా. అది ఎవరికీ చూపించక్కర్లేదని ముందే చెప్పండి, చెప్పిన మాట మీద నిలబడండి. కన్నీళ్ళు తెప్పిస్తేనే శిక్షణ అనుకునే పద్ధతి నాకు నచ్చదు. నాన్న పోయి ఆరు నెలలైన అమ్మాయిని పదిమంది ముందు మాట్లాడించడం వల్ల ఆమె మంచి కౌన్సిలర్ అయిపోదు. అలాంటివాళ్ళకి తండ్రి చావు కేసుని రోల్ ప్లేలో ఇవ్వకండి, క్లయింట్‌గా అయితే కొన్నాళ్ళు అసలే అప్పగించకండి.

రోల్ ప్లే ముగ్గురేసి చొప్పున చేయించండి, ఒకరు క్లయింట్, ఒకరు కౌన్సిలర్, ఒకరు చూసేవారు. చూసేవారికి ఒకటే పని, కౌన్సిలర్ ఎక్కడ తొందరపడ్డాడో రాసుకోవడం. కొన్ని మాటలు ముందే నిషేధించండి: ధైర్యంగా ఉండండి, పిల్లల కోసమైనా లేవాలి, దేవుడు మంచివాళ్ళనే ముందు తీసుకెళ్తాడు, కాలమే అన్నీ మాన్పుతుంది, మీ బాధ నాకు అర్థమవుతుంది. పరామర్శకి వచ్చినవాళ్ళంతా ఇవి అనేసే వెళ్ళారు, డబ్బిచ్చి మరీ మళ్ళీ ఇక్కడ వినక్కర్లేదు. వాటి బదులు పోయినవాళ్ళ పేరు అడిగి, ఆ పేరుతోనే మాట్లాడడం నేర్పండి. "ఆయన ఎలాంటి మనిషండీ?" అని అడిగితే చాలామందికి అప్పుడే మొదటిసారి నోరు పెగులుతుంది, ఎందుకంటే అప్పటిదాకా అందరూ చావు గురించే అడిగారు, మనిషి గురించి ఎవరూ అడగలేదు.

మౌనం కూడా అభ్యాసం చేయించాలి. ఎదురుగా ఉన్నవాళ్ళు ఏడుస్తుంటే ఒక నిమిషం పాటు ఏమీ అనకుండా, ఫోన్ వైపు గడియారం వైపు చూడకుండా, టిష్యూ డబ్బా ముందుకి తోయకుండా కూర్చోవాలి. డబ్బా అందేచోట ఉంటే చాలు, చేతికిస్తే ఇక ఏడుపు ఆపమన్నట్టు ఉంటుంది. భాష సంగతి కూడా చూడండి. గాజువాక నుంచో భీమిలి నుంచో వచ్చిన క్లయింట్ "గుండెల్లో రాయి పెట్టినట్టుందమ్మా, ముద్ద దిగట్లేదు" అంటే అదే మాట అందుకుని, ఎప్పటి నుంచి, ఏ వేళ ఎక్కువ అని అడగాలి. మనవాళ్ళు దిగులుని ఒంటిలో చెప్పుకుంటారు, తలపోటు, ఒళ్ళు మంటలు, కాళ్ళు లాగడం. వాటిని కొట్టిపారెయ్యకూడదు, ఒకసారి డాక్టర్‌కి చూపించమనాలి, మాట మాత్రం ఆపకూడదు.

ఎలాంటి నష్టం, ఎక్కడ ఆగుతుంది

జబ్బుతో నెమ్మదిగా పోయినప్పుడు, ఉదాహరణకి అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి చుట్టూ నెలల తరబడి తిరిగిన కుటుంబంలో, అందరికన్నా ఎక్కువ సేవ చేసిన మనిషికే అందరికన్నా ఎక్కువ తప్పు చేసినట్టు ఉంటుంది. పోయిన రోజు "హమ్మయ్య" అనుకున్నానని ఎవరికీ చెప్పుకోలేరు. ట్రైనీ తనే ముందుగా, ఇంతకాలం చేసినవాళ్ళకి ఆఖర్న కొంచెం తేలికగా అనిపించడం ఉంటుందండీ అని అనగలగాలి. ఆ తలుపు తీస్తే మిగతాది వాళ్ళే చెప్తారు.

హఠాత్తుగా పోయినప్పుడు పద్ధతి వేరు. మనది ఫ్యాక్టరీల ఊరు. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ లీకైనప్పుడు ఆర్.ఆర్. వెంకటాపురంలో నిద్రలో ఉన్నవాళ్ళు నిద్రలోనే చిక్కుకుపోయారు, 12 మంది చనిపోయారు. ఇలాంటి చావుల్లో ఏడవడానికి ముందే కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆస్పత్రి) మార్చురీ, పోస్ట్‌మార్టం, పోలీసులు, కెమెరాలు, నష్టపరిహారం వచ్చేస్తాయి. ఆ డబ్బు ముట్టుకుంటే మనిషిని అమ్ముకున్నట్టు ఉంటుంది, ముట్టుకోకపోతే ఇల్లు గడవదు, దాని మీదే అత్తింటికీ పుట్టింటికీ గొడవ. అందుకని ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ ఎక్కడ ఇస్తారు, సచివాలయంలో ఏం అడగాలి అన్న సమాచారం కూడా కౌన్సిలర్ దగ్గర ఉండాలి, అది మన పని కాదని అనుకోవద్దు. మొదటి రోజుల్లో నిద్ర, తిండి, పక్కన ఎవరున్నారు అన్నవే చూడాలి. జరిగినదంతా ఒకే కూర్చోడంలో గుర్తుచేయించి చెప్పించే డీబ్రీఫింగ్ పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ వద్దంటుంది. కళ్ళ ముందు అదే దృశ్యం పదేపదే వస్తుంటే ముందు ఆ భయానికి చికిత్స, ఆ తర్వాతే దుఃఖం పని.

శిక్షణలో అన్నిటికన్నా ఎక్కువ సమయం నేను ఇవ్వమనేది శవం దొరకని చావుకి. సముద్రం పక్కన ఉన్నవాళ్ళం. జాలరిపేటల్లో వేటకెళ్ళి తిరిగిరాని మనుషులున్న ఇళ్ళున్నాయి. 2016 జూలై 22న చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్తూ బంగాళాఖాతం మీద మాయమైన వాయుసేన ఏఎన్-32 విమానంలో 29 మంది ఉంటే, వాళ్ళలో 8 మంది మన ఎన్ఏడీలో, అంటే నేవల్ ఆర్మమెంట్ డిపోలో పనిచేసే సివిలియన్ ఉద్యోగులు. శకలాలు సముద్రం అడుగున కనిపించాయన్న ప్రకటన వచ్చింది 2024 జనవరిలో. అన్నేళ్ళు ఒక ఇల్లు ఏ ఆశతో, ఏ భయంతో ఉండుంటుందో బ్యాచ్‌ని ఆలోచించమనండి. పౌలిన్ బాస్ అనే పరిశోధకురాలు దీన్నే అస్పష్ట నష్టం అన్నారు. చట్టం ప్రకారం సాధారణంగా ఏడేళ్ళు ఏ కబురూ లేకపోతేనే చనిపోయినట్టు భావిస్తారు, ఈలోపు బ్యాంకు ఖాతా కదలదు, బీమా రాదు, బొట్టు పెట్టుకోవాలో వద్దో తెలీదు. దర్భలతో బొమ్మ చేసి కర్మ చేసే పద్ధతి ఉంది, ఇంట్లో ఒకరు చేద్దామంటారు, ఇంకొకరు చేస్తే మనమే చంపేసినట్టని అడ్డం పడతారు. ఇక్కడ కౌన్సిలర్ ఎవరి వైపూ తీర్పు చెప్పకూడదు. "ఇక రారని ఒప్పుకోండి" అనడం క్రూరత్వం, "వస్తారేమో" అనడం అంతకన్నా క్రూరత్వం. రాకపోవచ్చు, వస్తే బాగుండు, రెండూ ఒకే మనసులో ఉండొచ్చు, రెండిటినీ మోస్తూ పిల్లల ఫీజు కట్టొచ్చు అని నిలబెట్టాలి. ఒకే కుటుంబంలో తల్లి, భార్య, తమ్ముడు వేరువేరుగా నమ్ముతుంటే ముగ్గురినీ ఒకే గదిలో మాట్లాడించే రోల్ ప్లే తప్పకుండా చేయించండి, ట్రైనీలకి చెమటలు పడతాయి, పట్టాలి.

ఆత్మహత్య జరిగిన ఇంట్లో ముందు ఉండేది అబద్ధం. గుండెపోటు అని చెప్పుకుని ఉంటారు. మన దగ్గర కూడా మొదట అదే చెప్తారు, నిలదీయకూడదు. ఎందుకు, నేనేం చూడలేదు, ఆ రోజు ఫోన్ ఎత్తుంటే అన్న ప్రశ్నలు రోజుకి వందసార్లు తిరుగుతుంటాయి, వాటికి జవాబులిచ్చే ప్రయత్నం వద్దు, అడగనివ్వాలి. ఒక్కటి మాత్రం కౌన్సిలరే సూటిగా అడగాలి: మీకూ చనిపోవాలనిపిస్తోందా? అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు, ఈ సంగతి ట్రైనీలతో నోటితో అనిపించి అలవాటు చేయించండి, మొదట్లో గొంతు పెగలదు. టెలి మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) నంబరు 14416 ప్రతి క్లయింట్‌కీ రాసివ్వండి.

లోకం లెక్కపెట్టని నష్టాలున్నాయి. గర్భం పోతే "మళ్ళీ వస్తుందిలే" అంటారు. పెళ్ళికాకుండా ప్రేమించిన మనిషి పోతే చివరి చూపుకి కూడా వెళ్ళే హక్కుండదు. విడాకులు, రెండో భార్య, పెంచుకున్న కుక్క, హిజ్రా జమాత్‌లో గురువు. కెన్నెత్ డోకా అనే పరిశోధకుడు 1989లో వీటన్నిటికీ కలిపి ఒక పేరు పెట్టారు, గుర్తింపు లేని దుఃఖం. వీటికి కర్మలుండవు, కాబట్టి సెషన్‌లోనే ఏదైనా చెయ్యొచ్చు, ఒక ఉత్తరం రాయించడం, పుట్టకుండానే పోయిన బిడ్డకి ఒక పేరు పెట్టడం. బతుకుతెరువు పోవడం కూడా ఇందులోకే వస్తుంది. 2023 నవంబరులో ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు కాలిపోయిన రాత్రి ఎవరూ చావలేదు, కానీ ఒడ్డున నిలబడి చూసినవాళ్ళది చావు ఇంటి ఏడుపే.

పిల్లల సంగతి. "తాతయ్య ఊరెళ్ళాడు" అన్న మాట ఇంట్లోవాళ్ళ చేత మాన్పించాలి. చనిపోయాడు, అంటే ఒళ్ళు పనిచెయ్యడం ఆగిపోయింది, తిరిగి రాడు అని సూటిగా చెప్పాలి. పిల్లలు ఐదు నిమిషాలు ఏడ్చి ఆడుకోడానికి పోతారు, అది వాళ్ళ పద్ధతి.

తిథులు, తేదీలు

చిన్నకర్మ, పెద్దకర్మ అయ్యేదాకా ఇల్లు నిండా మనుషులుంటారు. చుట్టాలు బండెక్కాక మొదలవుతుంది అసలు ఖాళీ, మీకు ఫోన్ వచ్చేది కూడా అప్పుడే. మాసికాలు, పండగ చేసుకోని మొదటి సంక్రాంతి, పెళ్ళిరోజు, ఆబ్దికం, ఈ తేదీలన్నీ మొదటి సెషన్‌లోనే ఫైల్లో రాయించండి, ఆ వారాల్లో సెషన్ ఉండేలా చూడాలి. కొన్ని ఇళ్ళలో భర్త పోయిన ఆడవాళ్ళకి బొట్టు, గాజులు తీసే తంతు చేస్తారు, చావుకన్నా ఆ రోజే ఎక్కువ గాయం చేసిందని చెప్పేవాళ్ళుంటారు, కాబట్టి కర్మ ఓదార్పే ఇచ్చి ఉంటుందని అనుకోకుండా అడగాలి. క్రైస్తవ కుటుంబమైతే ఆదరణ కూడిక ఎలా జరిగింది, ఎవరు వచ్చారు అని అడగండి. ముస్లిం స్త్రీ భర్త పోయాక 4 నెలల 10 రోజులు ఇద్దత్‌లో (భర్త పోయాక పాటించే గడువు) ఉంటే బయటికి రాలేకపోవచ్చు, ఫోన్‌లోనో ఇంటికెళ్ళో మాట్లాడాలి.

ఎప్పుడు సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపాలన్నది కూడా నేర్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11 ప్రకారం కనీసం ఆరు నెలలు, అమెరికా సైకియాట్రిస్టుల జాబితా డీఎస్ఎమ్-5-టీఆర్ ప్రకారం పెద్దవాళ్ళకి కనీసం ఏడాది దాటినా పోయినవాళ్ళ కోసం తపన ఏమాత్రం తగ్గక, రోజువారీ పనులు ఆగిపోయి ఉంటేనే దీర్ఘకాలిక దుఃఖ రుగ్మత అంటారు, అదీ ఆ మనిషి కులాచారానికీ మతానికీ మామూలైనదాన్ని మించి ఉంటేనే. ఏడాదంతా పండగలు మానేశారని జబ్బు అనకూడదు. పోయినవాళ్ళ గొంతు వినపడిందన్నా, మంచం పక్కన నిలబడ్డట్టు అనిపించిందన్నా కంగారు పడక్కర్లేదు, చాలామందికి జరుగుతుంది. చనిపోవాలన్న ఆలోచన, రోజూ తాగడం, తిండి పూర్తిగా మానెయ్యడం ఉంటే మాత్రం ఆగకూడదు, వెంటనే పంపాలి. చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల ఓపీకి ఎలా వెళ్ళాలి, ఏ కాగితాలు తీసుకెళ్ళాలి అన్నది ట్రైనీలు ఒకసారి స్వయంగా వెళ్ళి చూసి రావాలి.

రాతపరీక్ష పెట్టకండి, రోల్ ప్లే రికార్డింగులు చూసి అంచనా వెయ్యండి. కోర్సు అయ్యాక వారానికోసారి సూపర్‌విజన్, అంటే అనుభవం ఉన్నవాళ్ళతో కూర్చుని తమ కేసుల గురించి మాట్లాడుకోవడం, కనీసం ఏడాది నడవాలి, ఒక్కొక్కరికి ఒకేసారి చావు కేసులే అన్నీ ఇవ్వకుండా కలిపి ఇవ్వండి. సెషన్లు ముగించడం గురించి కూడా అక్కడే మాట్లాడండి. పోగొట్టుకున్న మనిషికి కౌన్సిలర్ దూరమవ్వడం కూడా ఇంకో పోవడమే, కాబట్టి ఆఖరి సెషన్ ఎప్పుడో మూడు నాలుగు వారాల ముందే చెప్పి, ఆబ్దికం ముందు వారానికి ఒక సెషన్ రాసి ఉంచి పంపాలి.