నవ్వు దగ్గర మొదలుపెట్టి సినిమా గురించి మాట్లాడుకోవడం ఎలా

సినిమా చూసిన నలుగురు ఆడవాళ్లను ఎలా ఉందని అడిగితే మా నరసాపురం వైపు రెండే జవాబులు వస్తాయి: ‘బాగుందండీ’, లేదా ‘ఏదోనండీ, పొద్దుపోయింది’. ఆడవాళ్ల స్నేహాల మీద, కలల మీద సరదాగా తీసిన సినిమాలకైతే రెండో జవాబే ఎక్కువ. నవ్వించిన దాంట్లో చర్చించడానికి ఏముంటుందని చాలామంది అనుకుంటారు. రెండేళ్లుగా మా వీధిలో లేసు అల్లే ఏడెనిమిది మందిమి నెలకొక సినిమా చూసి మాట్లాడుకుంటున్నాం. ఆ అలవాటులో తేలిన పద్ధతిని, మేము చేసిన పొరపాట్లతో సహా, ఇక్కడ రాస్తున్నాను. ఇందులో కీలకం ఒక్కటే: అభిప్రాయం కథ దగ్గర కాకుండా నవ్వు దగ్గర మొదలుకావాలి.

ముందు రోజు కుదరాలి. సార్వా (వానాకాలం వరి) ఊడ్పులప్పుడూ సంక్రాంతి ముందూ ఎవరినీ పిలవకండి. వచ్చినా మనసు ఇక్కడ ఉండదు. దాళ్వా (రెండో పంట వరి) మాసూళ్లు ముగిసి, కాలువలు కట్టేశాక వచ్చే ఎండాకాలపు మధ్యాహ్నాలు ఈ పనికి బాగా అనువైనవి. సాయంత్రాలు వద్దు, సీరియల్‌తో పోటీపడి నెగ్గిన సినిమాను నేనింతవరకు చూడలేదు. ఓటీటీ చందాలు సాధారణంగా ఒక ఇంటి వాడకానికే ఇస్తారు కాబట్టి ఎవరింట్లో వారు వారంలోపు సినిమా చూసి, ఆదివారం మధ్యాహ్నం ఒకరి అరుగు మీద కలుసుకోవడం మేలు. పంచాయతీ హాల్లో తెర కట్టి ఊరందరికీ చూపించాలనుకుంటే మాత్రం హక్కుదారుల అనుమతి తీసుకోవాలి. ఇంట్లో చూడడంలో ఇంకో లాభం కూడా ఉంది: పక్కన కూర్చున్న అత్తగారు ఎక్కడ నవ్వారో, మగవాళ్లు ఎక్కడ లేచి వెళ్లిపోయారో కూడా ఆదివారం నాటి మాటల్లోకి వస్తుంది.

హిందీ సినిమా ఎంచుకుంటే తెలుగు ఆడియో ఉందో లేదో ముందే చూసుకోండి. మా మొదటి పొరపాటు అక్కడే జరిగింది. సబ్‌టైటిళ్లు ఉన్నాయి కదా అనుకున్నాం, కానీ అల్లిక పట్టుకున్న మనిషి కళ్లు సూది మీద ఉంటాయి తప్ప తెర అడుగున పరుగెత్తే అక్షరాల మీద ఉండవు. సగం మంది సినిమాను చూడలేదు, విన్నారు; విన్నదేమో హిందీ. తెలుగు ఆడియో లేని సినిమా అయితే ఆ రెండు గంటలూ అల్లిక పక్కన పెట్టాలని ముందే చెప్పడం న్యాయం, ఎందుకంటే ఆ రెండు గంటలకూ కూలి పోతుంది.

చూస్తున్నప్పుడు చేయాల్సిన పని చిన్నదే. గట్టిగా నవ్వొచ్చిన మూడు చోట్లను గుర్తుపెట్టుకోవాలి. కలిసినప్పుడు ఆ మూడింటి గురించీ ఒకే ప్రశ్న వేసుకోవాలి: మనం ఎవరిని చూసి నవ్వాం? 2024 మార్చి 1న విడుదలైన కిరణ్ రావు సినిమా ‘లాపతా లేడీస్’ ఈ ప్రశ్నకు మంచి పాఠం. ఒకే తీరు మేలిముసుగుల వల్ల రైల్లో ఇద్దరు పెళ్లికూతుళ్లు తారుమారవుతారు. స్టేషన్లో తప్పిపోయిన ఫూల్‌కు అత్తవారి ఊరిపేరు తెలియదు, ఏదో పువ్వు పేరని మాత్రం గుర్తు. భర్త పేరు పైకి చెప్పడానికి నోరు రాదు. అక్కడ మేమంతా నవ్వాం. ఆ పిల్ల అమాయకత్వాన్ని చూసి నవ్వామని మొదట అనుకున్నాం, కానీ మాలో పెద్దావిడ ఒకరు బ్యాంకు ఫారం మీద భర్త పేరు అడిగితే కాగితాన్ని పక్కవారికి అందించి చదవమంటారని గుర్తొచ్చేసరికి, సినిమా మమ్మల్ని నవ్వించింది పిల్లను చూపించి కాదని, ఆచారాన్ని చూపించేనని తేలింది. బలహీనురాలిని చూపించి నవ్వించే సినిమాకూ, ఆమెను ఆ స్థితిలో పెట్టిన కట్టుబాటును చూపించి నవ్వించే సినిమాకూ తేడా పట్టుకోగలిగితే సగం అభిప్రాయం తయారైనట్టే.

స్నేహాన్ని తూచేటప్పుడు పాటల్నీ కౌగిలింతల్నీ లెక్కలోకి తీసుకోకండి. స్నేహితురాలు ఏం చేసిందో, ఏం వదులుకుందో చూడండి. అదే సినిమాలో, ఇంట్లో ఇంకెవరూ తినరని తనకిష్టమైన కూర వండడమే మానేసిన అత్తగారి సన్నివేశం ఉంది. అత్తాకోడళ్లుగా, తోడికోడళ్లుగా ఉంటూ స్నేహితులం మాత్రం కాలేకపోయామన్న బాధ అక్కడ ఏ ఉపన్యాసమూ లేకుండా తెలుస్తుంది. ఆ ఆదివారం మేము సినిమాను కాసేపు వదిలేసి, ఎవరెవరు ఏ కూర మానేశామో చెప్పుకున్నాం. కంద బచ్చలి దగ్గర ముగ్గురు దొరికారు. మాట ఇలా పక్కకు వెళ్తే అడ్డుకోకండి, పది నిమిషాల తర్వాత దానంతటదే సినిమాలోకి తిరిగి వస్తుంది.

2024 మార్చి నెలాఖరున వచ్చిన ‘క్రూ’ మీద మాకు ఏకాభిప్రాయం కుదరలేదు. టబు, కరీనా కపూర్, కృతి సనన్ జీతాలివ్వలేని విమానసంస్థలో ఎయిర్‌హోస్టెస్‌లుగా పనిచేస్తూ బంగారం దొంగరవాణాలోకి దిగుతారు. కువైట్‌లో ఎనిమిదేళ్లు ఇంటిపని చేసి వచ్చినావిడ ఒకరు మాలో ఉన్నారు. విమానాశ్రయపు తనిఖీలు అంత సులువుగా దాటడం శుద్ధ అబద్ధమని, జీతం రాని నెల మనిషిని ఎలా మారుస్తుందో మాత్రం నిజంగా చూపించారని ఆవిడ తేల్చారు. ఆ స్నేహం ముగ్గురి అవసరం వల్ల నిలబడిందా, ఇష్టం వల్లా అన్నది నాకింకా తేలలేదు.

కల విషయంలో లెక్క వేయండి. ఎంత డబ్బు కావాలి, అది ఎవరిది, ఎన్ని గంటలు పట్టింది, ఆ గంటల్లో ఇంటిపని ఎవరు చేశారు? ‘లాపతా లేడీస్’లో రెండో పెళ్లికూతురు జయ కలకు పేరుంది: సేంద్రియ వ్యవసాయం చదవాలి. నందినీరెడ్డి 2019లో తీసిన ‘ఓ బేబీ’లో పాటగత్తె కావాలన్న ముసలావిడ కలకు మాయ తోడవుతుంది, ఒక్కసారిగా ఇరవై నాలుగేళ్ల వయసు తిరిగొస్తుంది. మాయ వచ్చిందని తక్కువ చేయనక్కర్లేదు, మాయ తీర్చలేని లెక్క ఏది మిగిలిందో చూస్తే చాలు. మనవడి కోసం ఆమె తీసుకునే నిర్ణయాన్ని మా కోడళ్లు మెచ్చుకున్నారు, అత్తగార్లు ఒప్పుకోలేదు. ఇది తారుమారుగా జరుగుతుందని నేను అనుకున్నాను. ప్రవీణ్ కండ్రేగుల ‘పరదా’ 2025 ఆగస్టులో వచ్చింది. ముగ్గురు ఆడవాళ్ల ప్రయాణమే అయినా అది తేలిక సినిమా కాదు, మొదటి నెలకు దాన్ని పెట్టుకోకండి. దర్శకత్వం ఆడమనిషిదా మగమనిషిదా అన్నది చర్చ చివర అడగాలి, మొదట అడిగితే తీర్పు ముందే వచ్చేస్తుంది.

మాట్లాడేటప్పుడు వయసులో చిన్నవారితో మొదలుపెట్టండి. పెద్దావిడ ముందు చెప్తే మిగతావారంతా ‘ఆయ్, అంతేనండీ’ అని ఊరుకుంటారు. తర్వాత ఒకరు ఆ మాటల్ని నోటుపుస్తకంలో అయిదారు వాక్యాల్లో రాయాలి. ‘సినిమా బాగుంది, స్నేహం బాగా చూపించారు’ అని రాస్తే చదివినవారికి ఏమీ తెలియదు. దానికి బదులు ‘కూర మానేసిన అత్తగారి దగ్గర నవ్వు ఆగిపోయింది, ఆ తర్వాత ఆ ఇంటి ఆడవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడిన తీరు మాకు నచ్చింది, పోలీసు అధికారి హాస్యం మాత్రం కాస్త సాగింది’ అని రాస్తే సన్నివేశమూ, కారణమూ, లోపమూ మూడూ అందులో ఉంటాయి. ముగింపు రాయకండి, పుస్తకం చూసి సినిమా పెట్టుకునేవారు ఉంటారు.

వచ్చే నెల సినిమాను ఆ రోజు అందరికన్నా తక్కువ మాట్లాడినవారి చేత ఎంపిక చేయించి, నోటుపుస్తకాన్ని వారి చేతికే ఇచ్చి పంపండి.